నీళ్లక్కర్లేని గడ్డి

నేపియర్ గడ్డికి నీళ్లక్కర్లేదని పద్మనాభం ఊళ్లో రైతులకు చెప్పింది నేనే. రోజూ మద్దిలపాలెంలో బస్సెక్కి, మెడలో కంపెనీ కార్డు వేలాడేసుకుని, ఇల్లిల్లూ తిరిగి మరీ చెప్పాను. ఈ గడ్డితో గ్యాసు తీస్తాం, నాలుగు చినుకులు పడితే నిలువెత్తు పెరుగుతుందన్నాను. వారం వారం తడి పెట్టాలని కంపెనీ పుస్తకంలోనే ఉంది. ఆ పేజీ తిప్పే తీరిక నా మొహానికి లేకపోయింది.

మంగాయమ్మ నా మాట నమ్మి, చోళ్ల పంట మానేసి, రోడ్డు పక్కనున్న ఎకరం మెట్టలో గడ్డి నాటింది. మే నెలకి ఊళ్లో బావులు అడుగంటాయి. గడ్డి మోకాలు దాటలేదు.

మేనేజరు భీమశంకరరావు ఫోన్ చేశాడు. “మన కంపెనీకి లోనిచ్చే బ్యాంకువాళ్లు ఎల్లుండి చూడ్డానికి వస్తున్నారండి. రోడ్డు పక్క గడ్డి పచ్చగా కనపడాలి. ఆ ఊరికి నీళ్లు తోలే ట్యాంకరుతో మాట్లాడేశాను, మీరు దగ్గరుండి తడిపించండి.”

మర్నాడు ట్యాంకరులో డ్రైవరు అప్పలరాజు పక్కన కూర్చున్నాను. రామాలయం దగ్గర బిందెలు వరసగా ఉన్నాయి. బిందె లేనివాళ్లు రాయి పెట్టి వంతు ఉంచుకున్నారు.

“ఆపమంటావేటి బావా?” అన్నాడు అప్పలరాజు.

“ఆపొద్దు, పోనియ్,” అన్నాను.

నీళ్లు పట్టే చోటు మారిందనుకున్నారు ఆడవాళ్లు. బిందెలెత్తుకుని మా వెనకే వచ్చి, పొలం గట్టు మీద మళ్లీ అదే వరసలో పెట్టుకున్నారు. రాళ్లు కూడా మోసుకొచ్చారు. వాళ్ల కళ్లముందే పైపు గడ్డిలోకి వదిలాం.

మంగాయమ్మ నా దగ్గరికొచ్చింది. “ఈ గెడ్డికి నీల్లక్కర్లేదని సెప్పినావు కదా బాబూ. నా గెడ్డికి వొద్దు, బిందెల్లో పొయ్యించు.”

నేను ఫోన్ చూసుకుంటూ నిలబడ్డాను. నా మీద నాకే అసహ్యం వేసింది. వేస్తే ఏం లాభం, పైపు మాత్రం తీయించలేదు.

ట్యాంకరు ఖాళీ అయ్యాక మంగాయమ్మ అరుగు మీద కూర్చుని బ్యాంకువాళ్లకిచ్చే ఫారం నింపాను. సాగు: వర్షాధారం. కింద సంతకం పెట్టాను.

ఆవిడ లోపల్నించి గ్లాసుడు నీళ్లు తెచ్చింది. “ఎండన పడొచ్చినావు. తాగు.”

వద్దనాలి. మనిషి పుట్టుక పుట్టినవాడైతే వద్దంటాడు. నేను గటగటా తాగేసి, దాహం తీరక గ్లాసు మళ్లీ చాపాను.

ఆవిడ లోపలికెళ్లి బిందె వంచి చూసింది.

“అయిపోనాయి బాబూ,” అంది.