కేసు కాగితంలో లేని గడి

తలనొప్పని వచ్చిన ఈ పద్నాలుగేళ్ళ పిల్లని ముగ్గురు డాక్టర్లు చెయ్యి పట్టుకుని చూశారు. కాళ్ళ వైపు ఒక్కరూ చూడలేదు. మొదటాయన "వయసు, సర్దుకుంటుంది" అన్నాడు. రెండో ఆయన కళ్ళజోడు రాశాడు. మూడో మనిషి మీరే, సార్. "బీపీ కాస్త ఎక్కువైతే ఏంలే, పరీక్షల టెన్షన్" అని మాత్రలు రాసి పంపేశారు.

నేను మీ గది బయట బీపీ పట్టీ చుట్టే నర్సుని. రోజుకి ఎనభై చేతులు. మా ఆయన లెక్కలో అది పనే కాదు. "పట్టీ చుట్టడమేగా, దానికే నడుం పడిపోయిందా? లే, లేచి టీ పెట్టు" అంటాడు. లేచి పెడతాను. ఇక్కడ మీరు "అంకె రాయండి సిస్టర్, అర్థాలు చెప్పకండి" అంటారు. రాస్తాను. పద్దెనిమిదేళ్ళుగా.

ఇవాళ ఆ పిల్ల మీ గదిలోంచి వచ్చి బెంచీ మీద కూలబడింది. తల్లి చెవి దగ్గరి ఫోన్లోంచి తండ్రి అరుపు నాదాకా వినిపించింది. "పని తప్పించుకోడానికి దాని వేషాలు! నువ్వే చెడగొట్టావ్!" తల్లి ఫోను దించింది.

"మెట్లెక్కితే కాళ్ళు లాగేస్తాయంటుందక్కా. బద్ధకమేనంటావా?"

పాదాలు పట్టుకు చూశాను. చల్లగా ఉన్నాయి.

"ఎప్పట్నుంచి తల్లీ?"

"ఎప్పుడూ ఇంతే ఆంటీ. అందరికీ ఇలా ఉండదా?"

పుట్టుకతో ఉన్నదానికి తేడా ఎలా తెలుస్తుంది? నాకు మాత్రం తెలిసిందా? అందరాడవాళ్ళకీ ఇంతేననుకుంటూనే వచ్చాను.

పడుకోబెట్టి తొడకి పెద్ద పట్టీ చుట్టాను. చేతిలో నూట అరవై నాలుగు, కాలిలో తొంభై రెండు. రెండో కాలు, తొంభై. కాలిలో బీపీ చేతికన్నా తగ్గకూడదని భోజనం వేళల్లో మీ పాత పుస్తకాల్లోనే చదివాను. గుండె నుంచి కిందికి దిగే పెద్ద రక్తనాళం పుట్టుకతోనే ఇరుకై ఉండొచ్చు. ఇలాగే వదిలేస్తే ఏదో ఒకరోజు మెదడులో నరం చిట్లొచ్చు.

కాగితంలో బీపీకి ఒకటే గడి. పక్కన పెన్నుతో ఇంకోటి గీసి, 'కాలు' అని రాసి, మీ ముందు పెట్టాను.

"ఎవరు చూడమన్నారు సిస్టర్?"

"ఎవరూ అనలేదు సార్. తేడా అక్కడే ఉంది."

"బయట యాభై మందున్నారు. వెళ్ళి పట్టీ చుట్టండి."

చుట్టను. ఇదిగో పట్టీ. ఆ పిల్ల కాలికి మీరే చుట్టి చూడండి. నాది తప్పైతే నన్ను తీసేయండి. కాకపోతే గుండె స్కాన్ రాయండి, ఆ తల్లి గేటు దాటకముందే. ఆ రెండో గడి ప్రతి పిల్ల కాగితంలోనూ అచ్చు వేయించండి.

లేవండి, సార్.