మెతుకుతో అంటించిన కవరు

మూడోసారి కూడా సూది నరానికి తగల్లేదు. రక్తపరీక్ష గదిలో అమ్మాయి నా ఎడమచెయ్యి వదిలి కుడిచెయ్యి అందుకుంది. పొద్దున్నుంచి కాఫీ చుక్క లేకుండా కూర్చున్నానేమో, నాకు ఒళ్లు మండింది. నోరు తెరవబోతుంటే పక్కనున్న మా ఆవిడ గిల్లింది.

గిల్లి ఊరుకోలేదు. ఆ అమ్మాయికి వాళ్ల భాషలోనే మెల్లిగా చెప్పింది.

"ఈయనకి మోచేతి మడతలో దొరకదు తల్లీ. చెయ్యి కిందికి వేలాడనియ్యి, ఒక్క నిమిషం ఆగు. ఇదిగో, ఈ పక్కన. కళ్లతో కాదు, వేలితో వెతుకు."

చూపిస్తున్న తన వేలు మాత్రం నా చేతికి బెత్తెడు దూరంలోనే ఆపేసింది. ఈ దేశంలో ఆ పని ముట్టుకునే హక్కు తనకి లేదు.

సూది దిగింది, గొట్టం నిండింది. "మీరూ ఈ పనే చేస్తారా?" అంది ఆ అమ్మాయి సంబరంగా.

"లేదమ్మా, కింద దుప్పట్లు మడతపెడతాను."

అబద్ధమేం కాదు. ఎనిమిదేళ్లుగా ఈ ఆసుపత్రి లాండ్రీలోనే పని. అంతకుముందు మన దేశంలో ఆరేళ్లు ల్యాబ్ టెక్నీషియన్. చంటిపిల్లలకి రక్తం తియ్యాలంటే డాక్టర్లే తనకోసం కబురు పెట్టేవారు. ఇక్కడ ఆ పని దక్కకపోవడానికి కారణం ఒక కవరు. ఆ కవరు సంగతి నాకు తెలుసు.

ఇక్కడికి వచ్చిన కొత్తలో, తన చదువు చెల్లాలంటే, ఎవరి కింద పనిచేసిందో వాళ్లు తన పనితనం గురించి రాసి, అంటించిన కవరు కావాలన్నారు. దాన్ని విప్పకుండా మిగతా కాగితాలతో పంపాలి. విప్పితే చెల్లదు. మా ఆవిడ ఆరేళ్లూ చేసింది ల్యాబ్‌లో పెద్ద మేడమ్ దగ్గరే. తిట్టనిదే ఆ మేడమ్‌కి పొద్దు గడిచేది కాదు. "ఏం రాస్తుందో ఏమో" అని మా ఆవిడకి ఒకటే దిగులు. కవరు రానే వచ్చింది. పోస్టు చేసే పని నాకు అప్పగించి తను భాష నేర్చుకునే క్లాసుకి వెళ్లింది.

మూసి ఉన్నది కనిపిస్తే నా చేతులు ఊరుకోవు, అదో జబ్బు. పైగా ఓ సాకు కూడా దొరికింది: చెడ్డగా రాసుంటే పంపకుండా ఆపొచ్చు కదా! టీ గిన్నె ఆవిరి పట్టించి విప్పాను. చదివాను. తిరిగి అంటిద్దామంటే ఇంట్లో జిగురు లేదు. చిన్నప్పుడు ఉత్తరాలు అంటించినట్టే నాలుగు అన్నం మెతుకులు నలిపి రాశాను. బ్రహ్మాండంగా అతుక్కుంది. నా తెలివికి నేనే మురిసిపోయాను.

ఆర్నెల్లకి జవాబు వచ్చింది. కవరు అంచున ఎండిన అన్నం ఉందట, విప్పి మూసినట్టుందట, కొత్తది పంపమన్నారు. అప్పటికి పెద్ద మేడమ్ పోయి నెలైంది. వేరేవాళ్లు రాస్తే కుదరదు, కావాలంటే మూడేళ్లు మళ్లీ మొదట్నుంచి చదవమన్నారు. మా పాప అప్పుడు కడుపులో ఉంది.

మా ఆవిడ ఏడవలేదు. "మేడమ్ పనే ఇది. రిపోర్టుల కవర్లు కూడా తన క్యారేజీలో మెతుకులతోనే అంటించేది. జిగురుసీసా కొనాలంటే ప్రాణం పోయేది. పోతూ పోతూ నా కొంప ముంచింది," అంది.

అప్పుడు చెప్పాల్సింది. నోటిదాకా వచ్చింది కూడా. కానీ నింద మోయడానికి వేరే మనిషి దొరికింది, అదీ తిరిగి జవాబు చెప్పలేని మనిషి. సిగ్గులేకుండా ఊపిరి పీల్చుకున్నాను. ఆ తర్వాత దుప్పట్లు మడిచి మడిచి భుజాలు పట్టేసిన ప్రతిసారీ మా ఆవిడ ఆ మేడమ్‌ని ఓ మాట అనేది. నేను కంచంలోకి చూస్తూ కూర్చునేవాణ్ణి.

రక్తం ఇచ్చి బయట బెంచీ మీద కూర్చున్నాం. నా చేతిమీది దూదిని మా ఆవిడ బొటనవేలితో అదిమి పట్టింది.

"పాపం, ఆ పిల్లకి ఇంకా చెయ్యి తిరగలేదు. మొదట్లో నాకూ ఇంతే. పెద్ద మేడమ్ తన చెయ్యే చాపి, గుచ్చు చూద్దాం అనేది. అంత నేర్పిన మనిషి, ఆఖరికి ఒక్క కవరు సరిగ్గా అంటించలేకపోయింది."

"ఆవిడ కాదు," అన్నాను. "ఆ మెతుకులు మనింటివి. విప్పింది నేను."

దూది మీద వేలు కదల్లేదు. మురికి దుప్పట్ల బండి ఒకటి మా ముందునుంచి వెళ్లింది. తిడితే బాగుండునని ఎదురుచూశాను.

"చదివారా?"

"చదివాను."

"ఏం రాశారు మేడమ్?"

ఎనిమిదేళ్లుగా అందులో ఒక్క ముక్క కూడా మర్చిపోలేదు. ఉన్నదున్నట్టు అప్పజెప్పాను.

"'నాకు జబ్బు చేసింది. ఇక్కడ ఎవరికీ నా నరం దొరకడం లేదు. ఈ అమ్మాయి ఉంటే దొరికేది. ఆరేళ్లు తిట్టాను, తిడితే బాగుపడేది ఈమె ఒక్కతే కాబట్టి. ఈమెని వదులుకోకండి.' అంతే."

మా ఆవిడ దూది ఎత్తి చూసింది. రక్తం ఎప్పుడో ఆగిపోయింది. దూదిని మళ్లీ అక్కడే పెట్టి, దానిమీద నా వేలు ఆనించి లేచింది.

"ఎనిమిదేళ్లు నాచేత ఆవిణ్ణి తిట్టించారు కదండీ," అని, డ్యూటీకి మెట్లు దిగి వెళ్లిపోయింది.