సుద్దగీతల ఆస్పత్రి

ఆర్కిటెక్చర్ చదివే ఆ అమ్మాయికి స్నేహితులు పెట్టిన పేరు చాదస్తం. కొత్త బల్ల కనబడితే చాలు, టేపు తీసి కొలవందే ఆమెకు నిద్ర పట్టదు. ఆ పేరుకు ఆమె నొచ్చుకోనూ లేదు, టేపు మాననూ లేదు.

యూనివర్సిటీ ఆస్పత్రికి కొత్త ముందుభాగం కట్టబోతున్నారు. ఆఖరి ఏడాది విద్యార్థుల ప్లాన్లలో నెగ్గినదాన్నే కడతారు. చాదస్తానికి ఇది మార్కుల గొడవ కాదు. చక్రాల కుర్చీలో తిరిగే అమ్మమ్మను ఆ ఆస్పత్రి మెట్ల మీద ప్రతిసారీ ఇద్దరు మనుషులు ఎత్తి లోపల పెట్టేవారు. "మూటలా మోస్తారే నన్ను" అని ఆవిడ ఇంటికొచ్చి గోడవైపు తిరిగి పడుకునేది. ఆ గడప అమ్మమ్మ తనంతట తాను దాటాలి. మనవరాలి పంతమంతా అదే.

ఏఐని వాడుకోవచ్చు గానీ వాడినట్టు చెప్పాలని ప్రొఫెసర్ ముందే అన్నారు. చాదస్తం వాడింది. టీ తాగి వచ్చేలోగా ప్లాను సిద్ధం! ర్యాంపు, మలుపు, వెడల్పాటి తలుపులు, కిటికీలోంచి ఎండ కూడా. చక్రాల కుర్చీ పడుతుందా అని అడిగితే, నిస్సందేహంగా పడుతుందని జవాబిచ్చింది.

"ఇంకేం, ఇచ్చెయ్. ఏఐ గీసిందని మాత్రం నోరు జారకు, మార్కులు కోస్తారు" అన్నాడు పక్క బల్ల స్నేహితుడు.

"అదెప్పుడైనా కుర్చీలో కూర్చుందా?" అంది చాదస్తం.

ఆదివారం పొద్దున్నే డిపార్ట్‌మెంటు వెనక సిమెంటు నేల మీద ఆ ప్లానును పసుపు సుద్దతో అసలు కొలతల్లో గీసింది. తలుపులకు అట్టముక్కలు నిలబెట్టి అమ్మమ్మను తీసుకొచ్చింది. ఆవిడ మహారాణిలా చక్రాలు తిప్పుకుంటూ వెళ్ళి రెండో తలుపు దగ్గర ఆగిపోయింది.

"తలుపు నా మీదకే తెరుచుకుంటే నేను వెనక్కి జరగాలా వద్దా? వెనకేమో మలుపాయె. ఎగరమంటావుటే?"

"పడుతుందని ఏఐ చెప్పిందే అమ్మమ్మా!"

"దానికేం పోయింది? దానికి కాళ్ళూ లేవు, కుర్చీ కూడా లేదు."

చాదస్తం ఆ తప్పును ఏఐకి చెప్పింది. అది క్షమాపణ చెప్పి పక్కకు జరిగే తలుపు పెట్టింది. ఈసారి అట్టతో నిలబెట్టిన కౌంటరు అమ్మమ్మ నుదుటి దాకా వచ్చింది. ఇక లాభం లేదని టేపు పట్టుకుని తనే కూర్చుని కౌంటరు దించింది, మలుపు వెడల్పు చేసింది, తెల్ల సుద్దతో మళ్ళీ గీసింది. మధ్యాహ్నానికి ఇద్దరూ పిండిమరలోంచి వచ్చినట్టున్నారు.

ప్లాన్లు చూపే రోజున అందరూ తెర మీద తళతళలాడే బొమ్మలు వేశారు. చాదస్తం మొదటి బొమ్మ వేసి, "ఇది ఏఐ గీసింది. ఈ ఎర్ర గుర్తులు దాని తప్పులు" అంది. పక్క బల్లవాడు తల పట్టుకున్నాడు.

"మరి ఇందులో నువ్వు చేసిందేమిటమ్మా?" అన్నారు ఎంపిక చేసే పెద్ద ఇంజనీరు.

చాదస్తం కిటికీలోంచి కింద ఉన్న సుద్దగీతలు చూపించింది. "దాన్ని నమ్మకపోవడమండీ. నన్నూ నమ్మొద్దు. కిందికొచ్చి మీరే కూర్చుని చూడండి."

ఇంజనీరు నిజంగానే కుర్చీలో కూర్చున్నారు. పసుపు గీతల్లో రెండో తలుపు దగ్గర ఇరుక్కుని చెమటలు కక్కారు. తెల్ల గీతల్లో ఎక్కడా ఆగకుండా కౌంటరు దాకా వెళ్ళిపోయారు. కుర్చీలోంచి లేవకుండానే, "కట్టేది ఇదే" అన్నారు. పక్క బల్లవాడు అందరికన్నా గట్టిగా చప్పట్లు కొట్టాడు.

ఆస్పత్రి తెరిచిన రోజు అలవాటు కొద్దీ అమ్మమ్మను ఎత్తడానికి ఆ ఇద్దరు మనుషులూ పరుగెత్తుకొచ్చారు.

"చేతులు దించండి నాయనా" అంది అమ్మమ్మ.

ర్యాంపు ఎక్కింది. మలుపు తిరిగింది. రెండో తలుపు మర్యాదగా పక్కకు జరిగింది. మనవరాలు కిందే నిలబడి, ఏడుపూ నవ్వూ ఆపుకోలేక చూస్తోంది. కౌంటరు వెనక అమ్మాయి అమ్మమ్మ కళ్ళలోకి సూటిగా చూస్తూ, "ఎవరు తీసుకొచ్చారండీ మిమ్మల్ని?" అని అడిగింది.

"ఎవరూ తీసుకురాలేదమ్మా" అంది అమ్మమ్మ, హాలంతా వినబడేలా. "నేనే వచ్చాను."