దారం పీల్చే మనిషి

భూపతి మగ్గం మీద కూర్చుంటే ఆ ఇంట్లో రెండు చప్పుళ్లు వినిపిస్తాయి. ఒకటి మగ్గానిది. రెండోది ఆయన ఛాతీలోంచి వచ్చే పిల్లికూత. మొదటిది వింటే వాడకట్టు వాళ్లకు పొద్దు తెలిసేది. రెండోది వింటే ఆయన భార్య పద్మమ్మకు చేతిలో పని ఆగిపోయేది. కొన్నేళ్లుగా రెండోదే పెద్దగా వినబడుతోంది.

సిద్దిపేట గొల్లభామ చీరలంటే తెలియనిదెవరికి? నెత్తిన చల్లకుండ పెట్టుకున్న గొల్లభామలు అంచు పొడుగునా వరసగా నడుస్తారు. ఆ బొమ్మను పోగు పోగుగా చేత్తో ఎక్కించాలి. ఆ పని చేతనైనవాళ్లు ఇప్పుడు ఊళ్లో కొద్దిమందే. భూపతి నేస్తే గొల్లభామ నడుము కదిలినట్టే ఉంటుందని పేరు. పేరు బాగానే ఉంది, ఊపిరే బాగాలేదు.

మొన్నటి వానాకాలంలో ఒక మధ్యాహ్నం ఆయన నేస్తూ నేస్తూ మగ్గం మీదికే ఒరిగిపోయాడు. పెదవులు నీలం తిరిగాయి. కొడుకు నరేశ్ తండ్రిని చంటిపిల్లాడిలా ఎత్తుకుని దవాఖానకు పరుగెత్తాడు. ఆక్సిజన్ పెట్టారు, సూదులిచ్చారు, ప్రాణం నిలబడింది. నరేశ్‌ది పాత బస్టాండు దగ్గర సెల్‌ఫోన్ల రిపేరు దుకాణం. అంతకుముందు భీవండిలో పవర్‌లూమ్ మీద పనిచేశాడు. పత్తి నూగు పీల్చి పీల్చి నడివయసులోనే మంచానికి అతుక్కుపోయినవాళ్లను అక్కడ కళ్లారా చూశాడు. అందుకే తండ్రి ఇంటికి తిరిగొచ్చిన రోజే తేల్చి చెప్పాడు.

“బాపూ, ఇగ మగ్గం ముచ్చట బంద్. కండ్ల ముందల ఉంటే నువ్వు కూసోకుంట ఉండవు. తీసేద్దాం.”

“తీసేసి... నేనేం... జెయ్యాలెరా?”

“బతుకాలె. గంతే.”

కుకునూరుపల్లి దగ్గర కొత్తగా కట్టిన రిసార్టు వాళ్లు ముందు హాల్లో పెట్టడానికి కాళ్లు గుంటలో పెట్టి నేసే పాత గుంటమగ్గం కోసం వెతుకుతున్నారు. వచ్చినవాళ్లు దాని పక్కన నిలబడి ఫొటోలు దిగుతారట. నరేశ్ వాళ్లకు మాటిచ్చేశాడు. ఆ సంగతి విన్న భూపతి కాసేపు ఊపిరి కూడదీసుకుని, “మగ్గానికి... దండ గుడ్క ఏస్తరా ఏంది?” అని అడిగాడు.

ఇంతకీ భూపతి రోగానికి మందు చెప్పనివాడు ఆ వాడకట్టులో లేడు. ఒకరు మిరియాల కషాయమన్నారు, ఒకరు చేపమందన్నారు, ఒకరు తాయెత్తు కట్టారు. అన్నీ చేశాడు పాపం. డాక్టరు రాసిచ్చిన పీల్చే మందును మాత్రం దమ్ము లేచిన రోజు వాడి, తగ్గగానే అటకెక్కించేవాడు. రోజూ పీలిస్తే అలవాటవుతుందని ఎవడో చెప్పాడు. ఇలాంటి సలహాలిచ్చేవాళ్ల నోట్లో మన్నుపడ! తమకు తుమ్మొస్తే మాత్రం హైదరాబాదు బస్సెక్కుతారు.

మగ్గం మీద దుప్పటి కప్పేశారు. ఒకప్పుడు దాన్ని రోజూ తిట్టిపోసిన పద్మమ్మే ఇప్పుడు ఆ దుప్పటి వైపు చూడలేకపోయింది. మగ్గం ఆగినా భూపతి పిల్లికూత తగ్గింది కొంచెమే, తిండి తగ్గింది చాలా. గోడకు ఆనుకుని చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చునేవాడు. మగ్గం పోతే ఊపిరి మిగులుతుందేమో గాని మనిషి మిగలడని ఆమెకు అర్థమైంది. హైదరాబాదు నుంచి వారానికోసారి అలర్జీ డాక్టరమ్మ దవాఖానకు వచ్చి చూస్తోందని రేషన్ దుకాణం దగ్గర వినగానే, ఇంటికొచ్చి కొడుకు ముందు నిలబడింది.

“మగ్గం తీస్కపొయ్యే ముందల గా డాక్టరమ్మకు సుత చూపియ్యిరా.”

“చూపిస్త. కని ఆమె పత్తితోనే అన్నదనుకో, ఇగ ఇద్దరు నోరు మెదపద్దు.”

“మెదపం,” అన్నాడు భూపతి.

డాక్టరమ్మ పేరు కృతిక. వయసు చిన్నదే గాని తొందర లేని మనిషి. ముందు పాత ఎక్స్‌రేలన్నీ చూసింది. బీడీ తాగుతారా అని అడిగింది. “నా జిందగీల ముట్టలేదమ్మా,” అని భూపతి ఛాతీ విరుచుకుని చెప్పాడు. ఆ విరుచుకోవడానికే దగ్గొచ్చింది. పరీక్షకు ముందు అలర్జీ గోలీలు ఆపి రమ్మని చెప్పి పంపింది. వాళ్లు మళ్లీ వచ్చినప్పుడు ఆయన ముంజేతి మీద వరసలు వరసలుగా మందుచుక్కలు పెట్టి, ఒక్కో చుక్క దగ్గర సన్నని మొనతో గుచ్చింది. ఒకటి పుప్పొడి, ఒకటి ఇంటి దుమ్ము, ఒకటి బొద్దింక, ఒకటి పత్తి, ఇంకా ఏవేవో. ఏది పడకపోతే అక్కడ చర్మం ఉబ్బుతుందని చెప్పింది.

నరేశ్ పత్తి చుక్క మీదినుంచి చూపు తిప్పలేదు. పద్మమ్మ అదే చుక్కను చూస్తూ లోపల్లోపల ఎల్లమ్మకు మొక్కుకుంది. కాసేపటికి చివరి వరసలో ఒకచోట దోమ కుట్టినట్టు లేచి, చూస్తుండగానే శనగగింజంత ఉబ్బింది. పత్తి చుక్క చదునుగానే ఉంది.

“పత్తి కాదు,” అంది కృతిక. “బూజు. పాత రొట్టె మీద, తడి గోడల మీద పచ్చగా పడుతుంది చూడండి, అది.”

పద్మమ్మకు రోషం పొడుచుకొచ్చింది. “మా ఇంట్లనా? మా ఇల్లు వచ్చి చూడమ్మా, నేల మీద అన్నం పెట్టుకోని తినొచ్చు.”

గోడలు కారవు. వంటింట్లో తడి లేదు. పడకా పరుపూ ఎండలో వేస్తారు. డాక్టరమ్మ ఎన్ని అడిగినా పద్మమ్మ ఇల్లు అద్దంలా నిలబడింది. చివరికి కృతిక కుర్చీ ముందుకు జరుపుకుంది.

“భూపతి గారూ, మీరు పొద్దంతా ఏం చేస్తారో నాకు చేసి చూపించండి. ముందు మగ్గం ఉందనుకోండి.”

భూపతి మొదట సిగ్గుపడ్డాడు. తర్వాత కాళ్లు కిందికి జారవిడిచి గుంటలో పెట్టినట్టు కూర్చున్నాడు. చేతులకు ప్రాణమొచ్చింది. కుడిచెయ్యి తాడు లాగింది, ఎడమచెయ్యి పేకను బిగించే పలక కొట్టింది, పాదాలు ఒకదాని తర్వాత ఒకటి తొక్కాయి. లేని గొల్లభామకు వేలితో నడుం దిద్దాడు. అలా నేస్తూ నేస్తూ ఆగి, పిడికిలి నోటి దగ్గరకు తెచ్చుకుని చప్పున ఒక్క పీల్పు పీల్చి, మళ్లీ నేతలో పడ్డాడు.

“ఆగండి. ఇప్పుడేం చేశారు?”

“ఏం జెయ్యలే. కండె అయిపోతే మార్చిన.”

“నోటి దగ్గర పెట్టుకున్నారే, అది?”

“నాడె అమ్మా.”

నాడె అంటే పడుగు మధ్య అటూ ఇటూ పరుగెత్తే చెక్కముక్క, చిన్న పడవలా ఉంటుంది. దాని కడుపులో దారం చుట్టిన కండె ఉంటుంది. ఆ దారం కొసను పక్కనున్న సన్నని బెజ్జంలోంచి బయటికి తేవాలి. భూపతికి తండ్రి నేర్పిన పద్ధతి ఒకటే: బెజ్జానికి నోరు పెట్టి పీల్చడం. మిగతావాళ్లకు రెండు మూడు పీల్పులు పడితే ఆయనకు ఒక్కటే. ఆ సంగతి కూడా డాక్టరమ్మకు గొప్పగానే చెప్పాడు.

“ఆ కండెలు ఎక్కడ పెడతారు?”

“గుంటల్నే. తడి గోనెపట్ట కింద. నానిన కండె అయితే పేక గట్టిగ పడ్తది.”

“రోజుల తరబడి అలాగే ఉంటాయా?”

భూపతి తలూపాడు. పద్మమ్మ రోషం ఎక్కడిదక్కడ చల్లారింది. “వాసనైతె వస్తుండె,” అంది మెల్లగా. “నేను గంజి వాసన అనుకున్న.”

చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతకడమంటే ఇదే. జన్మలో బీడీ ముట్టని మనిషి, కండె మారిన ప్రతిసారీ బూజు పట్టిన దారాన్ని రొమ్ము అడుగుదాకా పీలుస్తూ వచ్చాడు. అదీ మురిసిపోతూ!

రక్తపరీక్ష, స్కానింగ్ కూడా అదే మాట చెప్పాయి. కృతిక ఏదీ దాచలేదు. “ఈ జబ్బు పూర్తిగా పోయేది కాదు. ఊపిరితిత్తులు కొంత దెబ్బతిన్నాయి. కానీ అదుపులో పెట్టొచ్చు. మందు రోజూ వాడాలి, బాగున్న రోజు కూడా. కండెలు ఏ రోజువి ఆ రోజే తడపాలి. గుంట ఆరబెట్టి సున్నం వేయించండి. నాడెకు మాత్రం ఇక నోరు పెట్టొద్దు.”

“నెయ్యొచ్చా?” అన్నాడు భూపతి. ఆ ఒక్క మాట కోసమే ఆయన ఇంతసేపు ఊపిరి దాచుకున్నట్టుంది.

“నెయ్యొచ్చు.”

నరేశ్ లేచి నిలబడ్డాడు. “మేడం, మీరు చూడలే. నా చేతుల మీద ఆయన నీలం తిరిగిండు. మళ్ల గట్లయితే?” అది మొండితనం కాదు, భయం. ఆ భయం భూపతికి కూడా అప్పుడే కనబడింది.

కృతిక మిషనుకు తగిలించిన ఒక గొట్టం తెచ్చి భూపతి చేత ఊదించింది. ఊపిరి ఎంత బలంగా ఉందో మిషను గీత గీసి చూపిస్తుంది. గీత కొంచెం లేచి పడిపోయింది. “రెండు నెలలు నేస్తూ మందు వాడనివ్వండి. మళ్లీ ఊదిద్దాం. గీత ఇంకా దిగితే నేనే మగ్గం మాన్పిస్తాను,” అంది నరేశ్‌తో. తండ్రీకొడుకులు ఆ మాటకు కట్టుబడ్డారు.

తర్వాత పీల్చే మందు ఆయన చేతికిచ్చింది. అది గుళికలోని పొడిని పీల్చుకునేది. “గట్టిగా, ఒక్క గుక్కలో పీల్చాలి. మీ నాడెను పీల్చినట్టే.” భూపతి పీల్చాడు. లోపల గుళిక గిర్రున తిరిగింది. “ఇంత బాగా పీల్చినవాళ్లను నేను చూడలేదండీ,” అని డాక్టరమ్మ నవ్వేసింది. భూపతి మీసాల చాటున మురిశాడు.

ఇంటికి వచ్చాక మందు వాడటం తేలికే అయ్యింది, నోరు ఆపడమే కష్టమైంది. చెయ్యి దానంతటదే నాడెను పెదవుల దగ్గరకు తెచ్చేది. పద్మమ్మ గరిటె పట్టుకుని ఎదురుగా కూర్చుంది. నోరు తెరిస్తే మోకాలి మీద ఒక్కటి పడేది. నరేశ్ దుకాణంలో సన్నని తీగ వంచి చిన్న కొక్కెం చేసి తెచ్చాడు, దారం లాగడానికి. మొదట్లో భూపతి ఆ కొక్కేన్నీ, దాన్ని చేసినవాణ్ణీ కలిపి సణిగాడు. తర్వాత దాన్ని ఎవరూ ముట్టుకోకుండా మొలతాడుకు కట్టుకున్నాడు. గుంట తెల్లగా ఆరింది. ఒకరోజు పద్మమ్మ బియ్యం ఏరుతూ ఏరుతూ చెయ్యి ఆపింది. ఇంట్లో మగ్గం ఒక్కటే వినబడుతోంది.

అయినా పరీక్ష రోజున ఆమె వెళ్లలేకపోయింది. ఆ గీత చూసే ధైర్యం లేదని ఇంట్లోనే ఉండిపోయింది.

భూపతి గొట్టం నోట పెట్టుకుని ఊదాడు. గీత లేచింది. లేస్తూనే పోయింది. పోయినసారి ఆగిన చోటు దాటింది, మిషను పక్కనున్న అమ్మాయి “ఇంకా, ఇంకా, ఇంకా” అంటుండగా బాగా పైకి పోయి వంగింది. కృతిక తెరను నరేశ్ వైపు తిప్పింది. నరేశ్ చూసి, గోడ వైపు తిరిగి, మోచేత్తో మొహం తుడుచుకున్నాడు.

తిరుగుదారిలో ఆటో సగం దూరం పోయాక నరేశ్ అసలు సంగతి బయటపెట్టాడు. “బాపూ, గుస్స గాకు. గీత దిగుతదనే అనుకున్న. రిసార్టోళ్లను ఇయ్యాల పొద్దుగూకంగ రమ్మని చెప్పిన. ఇప్పుడు వద్దని ఫోన్ చేస్తే వాళ్లు ఎప్పుడో బయలెల్లిన్రంట. ట్రాలీ ఆయన ఫోన్ ఎత్తుతలేడు.”

భూపతి ఆటో డ్రైవరు భుజం మీద ఒక్కటి చరిచాడు, తొందరగా పొమ్మని.

మోరీ కాల్వ కోసం గల్లీ మొదట్లోనే అడ్డంగా తవ్వి పెట్టారు. ఆటో అక్కడే ఆగింది. చివర్లో తన ఇంటి ముందు ట్రాలీ కనబడింది, తాళ్లతో సహా. భూపతి కందకం దాటి దూకాడు. నరేశ్ డ్రైవరుకు పైసలిచ్చి తలెత్తేసరికి ఆయన సగం గల్లీలో ఉన్నాడు.

లోపల ఇద్దరు మనుషులు మగ్గం పలకకు తాడు బిగిస్తున్నారు. పద్మమ్మ భూపతి కూర్చునే చోట కాళ్లు గుంటలో పెట్టి, నేసిన బట్ట చుట్టుకునే దోనెను రెండు చేతులా కావలించుకుని కూర్చుంది.

“లేవమ్మా, మాకు లేటైతుంది.”

“నా మొగడొచ్చి చెప్పాలె. అప్పటిదాక నన్ను గుడ్క మగ్గంతోనే మోస్కపోర్రి.”

“ఎవడ్రా నా మగ్గం మీద చెయ్యేసింది!”

ఆ కేక గల్లీ ఆ చివరిదాకా వినబడింది. ఎదురింటి వాళ్లు, పక్కింటి వాళ్లు బయటికొచ్చారు. భూపతి గడపలో నిలబడి ఉన్నాడు. “ఇప్పుర్రి ఆ తాడు! మీ రిసార్టు పాడుగాను, బొమ్మల లెక్క పెట్టుకోనీకె మీకు నా మగ్గమే దొరికిందా? దండేసి ఫొటోలు దిగనీకె ఇదేమన్న సచ్చిందా? నేసే మగ్గం రా ఇది! నేసెటోడున్న మగ్గం! నడువుర్రి, నడువుర్రి బయటికి!” ఎక్కడా ఆగలేదు, ఎక్కడా దగ్గలేదు, ఒక మాట వెనక ఇంకో మాట తడబడకుండా వచ్చి పడింది. వాళ్లు తాడు అక్కడే పడేసి గోడవారగా జారుకున్నారు.

నరేశ్ వచ్చి ద్వారబంధం పట్టుకుని వంగాడు. రొప్పుతో వాడికి మాట రావడం లేదు.

పద్మమ్మ గుంటలోంచి లేవలేదు. నోరు తెరుచుకుని మొగుణ్ణే చూస్తోంది. కళ్లలోంచి నీళ్లు కారుతున్నాయి, మొహం నిండా నవ్వు.

“అయ్యో నా తండ్రీ, ఎన్నేండ్లకు విన్ననయ్యా నీ నోట గిట్ల నిండు తిట్లు! ఆపకు, ఇంకో నాలుగు తిట్టు!”

భూపతి రొమ్ము నిండా గాలి పీల్చుకుని, ఇంకో నాలుగు తిట్టాడు.