మూడు గోడల గుడారం

ఎఫెక్ట్స్ ఓదెలు పేరు తెలియని రికార్డింగ్ థియేటర్ ఫిలింనగర్‌లో లేదు. తెర మీద హీరో నడుస్తుంటే వినిపించే అడుగులు ఓదెలువి. విలన్ తలుపు తంతే, ఆ తన్ను కూడా అతనిదే. ఇక సముద్రమంటారా, వెదురు చాటలో కిలో జొన్నలు పోసి మెల్లగా అటూ ఇటూ వంచుతాడు. అంతే, తెర మీద అలలు విరుగుతాయి. ఇరవై ఆరేళ్లుగా చాటలో సముద్రాన్ని ఊపుతున్న ఈ పెద్దమనిషి అసలు సముద్రాన్ని ఒక్కసారి కూడా చూడలేదంటే ఎవరూ నమ్మరు. కానీ నిజం.

మొదట్లో పని అడ్డమొచ్చేది. గత తొమ్మిదేళ్లుగా అడ్డం వస్తున్నది చప్పుడు.

చప్పుడు అంటే కుక్క. తొమ్మిదేళ్ల కిందట ఒక వానాకాలం అడుగుల రికార్డింగ్ జరుగుతుంటే, అద్దం అవతల కూర్చున్న సౌండ్ ఇంజనీర్ అంతోని టేకు టేకుకీ ఆపి, "ఏంటండీ ఆ చప్పుడు?" అని విసుక్కున్నాడు. వెతగ్గా వెతగ్గా, ఎఫెక్ట్స్ కోసం దాచిన పాత చెప్పుల అర కింద, ఒక బూటు కొరుక్కుంటూ కుక్కపిల్ల దొరికింది. ఓదెలు దాన్ని పెంచుకుని రోజూ వెంట థియేటర్‌కి తెచ్చుకోసాగాడు. వేరే పేరు వెతుక్కోవాల్సిన పని లేకపోయింది.

పేరైతే పెట్టారు గానీ, దానికి చప్పుడంటే హడల్. ఓదెలు తగరం రేకు ఊపి ఉరుము పలికించిన ఒకరోజు గొలుసు తెంపుకుని పారిపోయి, మూడో నాడు బోరబండ స్టేషన్ దగ్గర దొరికింది. దీపావళి వస్తే మంచం కిందే దాని కాపురం ఉండేది. హోటళ్ల వాళ్లు కుక్కను రానివ్వరు. ఎవరికైనా అప్పగించి వెళ్దామంటే అది మెతుకు ముట్టదు. దాంతో మధురానగర్‌లోని తమ రెండు గదుల ఇల్లు దాటి ఓదెలు దంపతులు ఎక్కడా ఒక రాత్రి గడిపింది లేదు.

"లోకానికంతా సముద్రం వినిపిస్తవు. నాకొక్కసారన్న చూపియ్యవా?" అని భార్య మంజులత ఏడాదికోసారి అడిగేది. ఈ ఏడాది మూడుసార్లు అడిగింది.

ఆ మాట చెవిన పడ్డాక అంతోనియే దారి చూపించాడు. అతనిది బాపట్ల వైపు. అక్కడ వాళ్ల బావగారికి ఒడ్డునే సరుగుడు తోట ఉంది.

"హోటలెందుకండీ? తోట దాటితే ఇసకే. గుడారం వేసుకుని మూడు రోజులు ఉందాం. కుక్కనెవరూ ఏమీ అనరు. క్రిస్మస్‌కి ఎలాగూ నేను వెళ్తున్నాను, నాతో వచ్చెయ్యండి."

మంజులత ఆ రాత్రే జాబితా మొదలుపెట్టింది. స్టవ్వు, చిన్న సిలిండరు, పచ్చడి సీసాలు, చప్పుడు గిన్నె, దుప్పట్లు రెండు. గుడారం మాత్రం ఓదెలు తెస్తానన్నాడు. తెలిసినవాళ్లుండగా కొనడమేమిటని ఆర్ట్ డిపార్ట్‌మెంట్ వాళ్లనడిగి, ఏదో సినిమాలో సైనికుల శిబిరానికి వాడినదాన్ని ఆటోలో వేసుకొచ్చి, మేడ మీద దర్జాగా నిలబెట్టాడు. మంజులత దాని చుట్టూ ఒకసారి తిరిగొచ్చింది.

"ఏందయ్యా ఇది? మూడు దిక్కులే ఉన్నయి. నాలుగో దిక్కు గుడ్డేది?"

"గా దిక్కు కెమెరాకు. సినిమాల గట్లనే ఉంటది."

"మనల్ని ఎవరు షూటింగ్ తీస్తున్నరు? ఇది వాపస్ ఇచ్చి సక్కటి డేరా పట్కరా."

ఓదెలు తలూపాడు. అతని మనసంతా వేరేచోట ఉంది. అలల మోతకు చప్పుడు తట్టుకోవాలి కదా! బెదిరి పరుగు పెడితే ఆ తోటల్లో వెతికేదెవరు? అందుకే దానికి తాలీం మొదలుపెట్టాడు. రోజూ థియేటర్లో పని అయ్యాక, తను చేసిన సముద్రాన్నే స్పీకర్లో పెట్టేవాడు. మొదటి రోజు గుసగుసలా. మర్నాడు ఇంకొంచెం పైకి. వారం తిరిగేసరికి తుఫాను స్థాయికి తీసుకెళ్లాడు. చప్పుడు తివాచీ మీద కాళ్లు చాపుకుని హాయిగా పడుకుంది. ఓదెలు పొంగిపోయాడు. కుక్కలకు భయం పోగొట్టడమెలాగో క్యాంటీన్లో నలుగురికి పాఠం కూడా చెప్పాడు.

ఆ పాఠం రెండు రోజులు నిలబడింది. మూడో నాడు ఒక వాన సీను చేస్తుండగా తగరం రేకు మేకు ఊడి నేలకు పడింది. ఓదెలు రెండు చెవులూ మూసుకున్నాడు. అద్దం అవతల అంతోని హెడ్‌ఫోన్లు పీకి విసిరేశాడు. చప్పుడు మాత్రం కదల్లేదు.

"చూసినవా అంతోని? ఎట్ల తయారుచేసిన!" అన్నాడు ఓదెలు, రొమ్ము విరుచుకుని.

అంతోని నవ్వలేదు. అద్దం గది తలుపు తీసుకుని బయటికొచ్చి, కుక్క వైపే చూస్తూ నిలబడ్డాడు.

"ఓదెలు గారూ, ఒక్కసారి పేరు పెట్టి పిలవండి."

ఓదెలు పిలిచాడు. మళ్లీ పిలిచాడు. మూడోసారి గొంతు పెంచి పిలిచాడు. చివరికి దాని పక్కకెళ్లి చెక్క నేల మీద కాలితో గట్టిగా తన్నితే అది ఉలిక్కిపడి లేచి, ఓదెలు లేని వైపు చూసింది.

శ్రీనగర్ కాలనీ పశువుల డాక్టరు హరిణి దాని చెవుల్లో లైటు వేసి చూసింది, వెనక చప్పట్లు కొట్టింది, చిన్న గంట మోగించింది. వినికిడి దాదాపు పోయిందని, అది పోయి ఏడాది దాటే ఉంటుందని చెప్పింది.

"నేనే చెడగొట్టిన్నా మేడం? స్పీకర్ పెద్దగ పెట్టిన."

"లేదండీ, వయసుకి వచ్చింది. మీరు స్పీకర్ పెట్టేనాటికే దానికి వినిపించడం లేదు."

ఓదెలుకు బాధ కన్నా ముందు సిగ్గేసింది. చెప్పు తోలుదా రబ్బరుదా అని కళ్లు మూసుకుని చెప్పగలడు. పక్క గదిలో ఫ్యాను బేరింగు అరిగితే ఇతని చెవికే ముందు తెలుస్తుంది. అలాంటిది, ఇంట్లో తిరిగే ప్రాణికి ఏడాదిగా లోకం మూగబోతే తెలుసుకోలేకపోయాడు. పైగా అది ధైర్యమనుకుని, ఆ గొప్ప తన ఖాతాలో వేసుకున్నాడు.

ఇంటికొచ్చి చెప్పులు విప్పకుండానే, "మనం పోతలేం" అన్నాడు.

మంజులత కుక్క తల నిమురుతూ అంతా విన్నది. "చెవులు పోతే సముద్రం చూడొద్దా?"

"పిలిస్తే రాదే. అలలు గుంజుకపోతుంటే ఎట్ల పిలుస్త? నేల మీద కాలేసి కొడదామంటే ఇసుక. ఇసుక మీద ఎంత కొట్టినా అదురు దానిదాంక పోదు. ఇరవై ఆరేండ్ల సంది థియేటర్ల ఇసుక పోస్కొని దాని మీద నడుస్తున్న, నాకు తెల్వదా?"

మంజులత జాబితా కాగితాన్ని మడిచి క్యాలెండరు వెనక దోపింది. చింపలేదు.

అంతోనికి మాత్రం ఒక సందేహం పట్టుకుంది. ఏడాదిగా చెవులు వినబడని కుక్క, థియేటర్లో రికార్డింగ్ మొదలైందని ఎర్ర లైటు వెలగగానే రోజూ ఎలా పడుకుంటోంది? టేకు అయ్యాక ఓదెలు వెంట అద్దం గదిలోకి ఎలా వస్తోంది? ఆలోచిస్తే జవాబు ఎదురుగానే ఉంది. రికార్డింగ్‌లో ఎవరూ మాట్లాడరు. అరచెయ్యి కిందికి వంచితే ఆగమని, వేలెత్తితే ఇంకోసారి చెయ్యమని. అద్దం గదిలోకి వెళ్లేముందు ఓదెలు తొడ మీద రెండుసార్లు తట్టుకుంటాడు, కుక్క లేచి వెంట వస్తుంది. ఆ గదిలో తొమ్మిదేళ్లుగా పిలుపంటే చెయ్యే.

అంతోని ఈ సంగతి చెప్పి పట్టుబట్టడంతో, ఆదివారం పొద్దున్నే ఓదెలు, మంజులత, అతనూ థియేటర్ వెనక బండరాళ్ల మధ్య ఉన్న ఖాళీ స్థలానికి చప్పుడును తీసుకెళ్లి, గొలుసు విప్పారు. అది వాసనలు చూసుకుంటూ దూరంగా పోయింది. ఓదెలు తొడ తట్టాడు. అది ఇటు చూస్తే కదా! "చెప్పిన గద, రాదని" అంటూ అంతోని వైపు తిరిగాడు.

"నన్నెందుకండీ చూస్తారు? దాన్ని చూడండి!"

ఓదెలు తిరిగేసరికి చప్పుడు ఆగి, మెడ తిప్పి, అతన్నే చూస్తోంది. చెయ్యి ఎత్తేలోపు మళ్లీ ముందుకు నడిచింది. ఈసారి ఓదెలు కళ్లు తిప్పలేదు. పది పన్నెండు అడుగులు వేసి అది మళ్లీ వెనక్కి చూసింది. అతను తొడ తట్టాడు. అది రాళ్ల మీద నుంచి దూకుతూ వచ్చి అతని మోకాళ్లకు గుద్దుకుంది.

మళ్లీ వదిలారు. మళ్లీ అంతే. ప్రతి పది పన్నెండు అడుగులకూ అది ఆగి ఓదెలు ఉన్నాడో లేదో చూసుకుంటోంది. ఏడాదిగా వీధిలోనూ, మేడ మీదా ఇలాగే చూసుకుని ఉంటుంది. అన్నిసార్లూ తను ఫోనులోనో, ఎవరితోనో మాటల్లోనో ఉండి ఉంటాడు. ఓదెలు బండ మీద కూలబడి దాని మెడ కావలించుకుని ఏడ్చాడు. మంజులత అతన్ని ఊరుకోమనలేదు, పక్కన కూర్చుంది.

సాయంత్రం క్యాలెండరు వెనక నుంచి జాబితా బయటికొచ్చింది. నీళ్ల దగ్గర ఉన్నంతసేపూ ఓదెలు నడుముకు ఒక కొస, కుక్క పట్టీకి ఒక కొస కట్టడానికి ముప్పై అడుగుల తాడు అని కొత్తగా చేరింది. ఇంతలో అంతోని ఫోన్ చేశాడు.

"ఆర్ట్ వాళ్ల దగ్గర నాలుగు వైపులా మూసే గుడారం దొరికిందండీ. మార్చెయ్యమంటారా?"

"వద్దు. గదే ఉండనియ్" అన్నాడు ఓదెలు.

"ఏమంటున్నవయ్యా? చలికాలం, సముద్రం గాలి! ఆ తెరిచిన దిక్కు నుంచి కొడితే తట్టుకుంటమా?" అంది మంజులత.

"కొట్టనియ్. నాలుగో దిక్కు గూడ మూస్తే, అది ఎనక్కి తిరిగి చూసినప్పుడు గుడ్డ కనిపిస్తది. నేను కనిపియ్య."

మంజులత కలం తీసుకుని, దుప్పట్లు రెండు అని ఉన్నచోట నాలుగు అని దిద్దింది.