ఆపమని పంపితే

ఎండ వెచ్చగా తగిలితే కొత్తవాళ్లకు కునుకు వస్తుందని, పంతులమ్మ కిటికీ పక్కనున్న కుర్చీని గోడవైపు జరిపింది. రేపు కొత్త బ్యాచ్ వస్తోంది. నీటి పంపులు తయారుచేసే ఆ కంపెనీ, డిగ్రీ పట్టా చేతికొచ్చిన పిల్లలను ఏటా చేర్చుకుంటుంది. వాళ్లకు పని నేర్పే గది ఆమెది. ఆమె అసలు పేరు జీతాలిచ్చే విభాగానికి తప్ప ఎవరికీ గుర్తులేదు.

పొట్టి మనిషి. నెరిసిన జుట్టు ముడిలో పెన్సిల్ గుచ్చుకుని, దానికోసమే గదంతా వెతుకుతుంది. తానూ ఇంజనీరుగానే చేరింది. డిజైన్‌లో వేస్తాం, ముందు ఓ రెండు నెలలు కొత్తవాళ్లను చూసుకోమన్నారు. ఆ రెండు నెలలు ఇంకా పూర్తి కాలేదు. "ఈ నెలాఖరుకైనా పంపిస్తారంటావా?" అని భర్త ఇప్పటికీ ఆటపట్టిస్తాడు. ఆమె నవ్వేస్తుంది.

టీ వేళకు మేనేజరు తలుపు తట్టి వచ్చాడు. ఒకప్పుడు ఆమె దగ్గర ఓనమాలు దిద్దినవాడే.

"మేడమ్, కిందటేడు శిక్షణలో మొదటొచ్చిన అమ్మాయి రాజీనామా చేసింది కదా. ఇవాళే ఆఖరి రోజు. మీ మాటైతే వింటుంది, కాస్త నచ్చజెప్పండి. జీతం పెంచుతాం. ఈసారి ఉత్తమ ఉద్యోగి బహుమతి కూడా ఆమెకే."

క్యాంటీన్ మూలన ఆ అమ్మాయి చల్లారిన టీని చెంచాతో తిప్పుతూ కూర్చుంది.

"కొత్త కంపెనీలో ఎక్కువిస్తున్నారా?" ఎదురుగా కూర్చుంటూ అడిగింది పంతులమ్మ.

"తక్కువే మేడమ్. కానీ పంపుల డిజైన్లు గీయనిస్తారట. ఇక్కడ ఏడాదిగా మీటింగులకు స్లైడ్లు చేస్తున్నాను. రంగులు బాగా కుదిరాయని మెచ్చుకుంటున్నారు." అమ్మాయి చెంచా పక్కన పెట్టింది. "కొన్నాళ్లు ఓపిక పడితే డిజైన్‌లో వేస్తారట. ఉండమంటారా?"

'ఓర్చినమ్మకు తేటనీరు' అని చెప్పి ఎంతమందిని ఆపిందో! ఈసారి ఆ మాట గొంతు దాటి రాలేదు.

"వెళ్లమ్మా," అంది. "నేనూ ఓర్చుకున్నాను. నీళ్లు తేరలేదు, అలవాటైపోయాయి అంతే."

అమ్మాయి బల్ల మీదుగా ఆమె చెయ్యి పట్టుకుని చాలాసేపు వదల్లేదు.

సంగతి విని మేనేజరు తల పట్టుకున్నాడు. "ఆపమని పంపితే సాగనంపి వచ్చారా!"

"బహుమతిస్తే ఇంట్లో అలమరలో పెట్టుకుంటారు బాబూ. పనిస్తే ఉంటారు." అతన్ని 'సార్' అనడం మరిచిపోయిందామె. "ఆ అమ్మాయితో చేరిన అబ్బాయి కూడా స్లైడ్లే చేస్తున్నాడు. రేపు వాడూ వెళ్తానంటే నన్ను మాత్రం పంపకు."

అతను అక్కడినుంచే డిజైన్ విభాగానికి ఫోన్ చేశాడు. "రేపట్నుంచి ఒకబ్బాయిని పంపుతున్నా. పక్కన కూర్చోబెట్టుకోవడం కాదు, గీయనివ్వండి."

సాయంత్రం గేటు దగ్గర గుర్తింపు కార్డు ఇచ్చేసి, అమ్మాయి వెనక్కి తిరిగి చెయ్యి ఊపింది. బస్సు మలుపు తిరిగేదాకా పంతులమ్మ మెట్ల మీదే నిలబడింది. తర్వాత పైకెళ్లి, కొత్తవాళ్లకోసం ఆ అమ్మాయి బల్ల ఖాళీ చేయబోయింది. కింది అరలో, ఫ్యాక్టరీలోకి వెళ్లేటప్పుడు పెట్టుకోమని చేరిన రోజున ఇచ్చిన పసుపు హెల్మెట్ ఉంది. దాని మీద ఒక్క గీత లేదు, లోపలి పట్టీకి చుట్టిన ప్లాస్టిక్ కవరైనా ఊడదీయలేదు.