లిఫ్టులో అమ్మ గొంతు

ఆవిడ గొంతు ఊరంతటికీ తెలుసు. మనిషిని మాత్రం ఎవరూ గుర్తుపట్టరు. రైలు ప్లాట్‌ఫారాల మీద, బ్యాంకు ఫోన్లలో, లిఫ్టుల్లో వినబడే ఆడగొంతు ఆవిడదే. స్టూడియోలో గొంతమ్మ అనేవారు. "గొంతమ్మా, ఆ 'దయచేసి'లో కాస్త తీపి తగ్గించండి" అని సౌండు చూసే ఆయన అద్దం అవతలి నుంచి అంటే మళ్ళీ చెప్పేది. నలభయ్యోసారి చెప్పినా మొదటిసారి చెప్పినట్టే ఉండేది.

ఆ గొంతు అరిగిపోకూడదని ఇంట్లో మాట్లాడటం తగ్గించింది. ముందు ఫోన్లు పోయాయి. తరవాత భర్తతో పోట్లాటలు పోయాయి. ఆయన లెక్కల మాస్టారు. నా అంత అదృష్టవంతుడు లేడని కొన్నాళ్ళు మురిసిపోయాడు. చివరికి కూతురు అక్షరాలు దిద్దిన పాత పలక ఫ్రిజ్ పక్కన మేకుకు ఎక్కింది. "పాలు కాచండి." "రేపు రికార్డింగు, ఆలస్యమవుతుంది." రెండో తరగతి చదివే చిట్టి ఏదైనా అడిగితే ఆవిడ పెదవుల మీద వేలు పెట్టుకుని పలక చూపించేది.

వాళ్ళ బిల్డింగులో పాత లిఫ్టు తీసి కొత్తది పెట్టారు. అందులోనూ ఆవిడ గొంతే. "ఇంట్లో మౌనం, లిఫ్టులో ఉపన్యాసం" అని మాస్టారు వేళాకోళమాడేవాడు.

ఒకనాడు మూడో అంతస్తు పిన్నిగారు మెట్ల దగ్గర ఆవిడను ఆపింది.

"ఏమ్మా, మీ పిల్ల బడి నుంచి రాగానే లిఫ్టెక్కి పైకీ కిందికీ తిరుగుతోంది. ఒక్కోసారి గంటసేపు. ఒక్కతే కూర్చుని కబుర్లు చెప్పుకుంటోంది. చెప్పకూడదు గానీ, నాకు ఒళ్ళు జలదరించింది."

ఆ సాయంత్రం ఆవిడ పలక మీద రాసింది: "లిఫ్టులో ఆటలేమిటి?"

"ఆట కాదు. అమ్మతో మాట్లాడుతున్నా" అంది చిట్టి.

"అమ్మంటే నేనే కదా" అని కింద రాసింది.

చిట్టి కూడబలుక్కుని చదివింది. "నువ్వు పలకమ్మవి. పలకవు."

ఆ మాట ముల్లులా గుచ్చుకుంది. కానీ విమానాశ్రయం పని కొత్తగా వచ్చింది, మూడు వందల వాక్యాలు. ముల్లు తీసుకునే తీరిక లేదు.

మరో వారానికి స్టూడియోలో కరెంటు పోవడంతో నాలుగింటికే ఇంటికొచ్చింది. లిఫ్టు కిందికి దిగుతోంది. మూసిన తలుపుల వెనక నుంచి తన గొంతే వినబడింది. కానీ అది పని గొంతు కాదు. కొంచెం జీరగా, నిద్ర చాలనట్టుగా, ఎప్పుడో ఇంట్లో వాడిన గొంతు.

"జడ ఎవరు వేశారే? ఒక పక్కకి పోయింది."

"నేనే."

"రబ్బరు బ్యాండు ఇంకో చుట్టు తిప్పాల్సింది."

తలుపులు తెరుచుకున్నాయి. చిట్టి పుస్తకాల సంచి మీద కూర్చుని ఉంది. జడ వంకరగా ఉంది. పక్కన ఎవరూ లేరు. "గ్రౌండు ఫ్లోరు" అంది లిఫ్టు, మర్యాదగా.

మర్నాడు సౌండాయనా ఆవిడా లిఫ్టు కోసం చేసిన పాత రికార్డింగులన్నీ విన్నారు. అంతస్తులు, తలుపులు, అంతే. లిఫ్టు మెకానిక్కు పెట్టె విప్పి గోరంత ముక్క చూపించాడు. "ఇందులో ఇరవై రెండు మాటలే పడతాయమ్మా. ఇంకో మాటకి చోటు లేదు."

"ఇది వినగలదా?" అని ఆవిడ రాసి చూపించింది.

"దీనికి చెవులెక్కడివమ్మా!" అని నవ్వాడు.

ఆ శనివారం చిట్టి గడప తగిలి పడింది. మోకాలు చీరుకుపోయింది. ఆవిడ పరిగెత్తి, పలక మరిచిపోయి నోరు తెరిచింది. "దయచేసి జాగ్రత్తగా నడవండి" అని వచ్చింది, తేటగా, అందంగా. బిడ్డను హత్తుకుని మళ్ళీ ప్రయత్నించింది. "అసౌకర్యానికి చింతిస్తున్నాము." చిట్టి ఏడుపు ఆపేసి, తల్లి ముఖంలోకి చూసి, చేతులు విడిపించుకుని నాన్న దగ్గరికి పోయింది.

ఆదివారం మధ్యాహ్నం ఆవిడ ఒంటరిగా లిఫ్టెక్కింది. తలుపులు మూసుకున్నాక, ఆ ప్రకటన గొంతుతోనే అడిగింది.

"మీరు ఎవరు?"

లిఫ్టు రెండో అంతస్తు దాటింది. మూడు దాటింది. వాళ్ళ ఇల్లున్న నాలుగులో ఆగలేదు.

"నన్ను మీరంటావేమే? ఎక్కడో ఒకచోట ఉండాలి కదా నేను. ఇంట్లో చోటు లేదన్నావు."

"దయచేసి ఇంటికి రండి." కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నా గొంతు వణకలేదు. అదే ఆవిడను ఎక్కువ భయపెట్టింది.

"వస్తే గొంతు బొంగురు పోతుంది. పని పోతుంది."

"సగం పని పోవచ్చు. అనుమతించడమైనది."

లిఫ్టు ఇంకా పైకి పోయింది. చివరికి ఆరో అంతస్తులో, ఎవరూ పిలవకుండానే, తలుపులు తెరుచుకున్నాయి. ఆవిడ మెట్లు దిగి ఇంటికి వచ్చి పలక తీసేసింది.

అదేమీ ఒక్కపూటలో కుదరలేదు. మూడు రోజులు ఇల్లంతా ప్రకటనలే. "భోజనం సిద్ధంగా ఉన్నది" అంటే మాస్టారు ఉలిక్కిపడేవాడు, చిట్టి చెవులు మూసుకునేది. నాలుగో రోజు మాస్టారు తడి తువ్వాలు పరుపు మీద పడేశాడు. ఎన్నిసార్లు చెప్పాలండీ మీకు అని ఆవిడ విరుచుకుపడింది. గొంతు చీలింది, దగ్గు వచ్చింది. మాస్టారు తువ్వాలు పట్టుకుని నిలబడిపోయాడు. "ఇంకోసారి తిట్టు" అన్నాడు.

స్టూడియోలో సౌండాయన చెవుల మీది హెడ్‌ఫోన్లు తీసి, "జీర వస్తోంది గొంతమ్మా" అన్నాడు దిగులుగా.

"వస్తుంది. ఇక మధ్యాహ్నం దాకానే వస్తాను. ఆ గొంతు పనికొచ్చినన్నాళ్ళు వాడుకోండి."

విమానాశ్రయం పని ఇంకొకావిడకు వెళ్ళింది. నాలుగు రోజులు ఆ బాధ ఉంది.

చిట్టి మాత్రం లిఫ్టు మానలేదు. రోజూ ఎక్కి కబుర్లు మొదలుపెట్టేది. అది అంతస్తులు చెప్పేది, తలుపులు చెప్పేది. వారం చూసి, ఒక సాయంత్రం ఏడుస్తూ ఇంటికొచ్చింది.

"వెళ్తున్నానని కూడా చెప్పలేదు" అంది వెక్కుతూ.

ఆవిడ నేల మీద కూర్చుంది. "నేనేనే చిట్టీ. ఇక్కడికే వచ్చా."

చిట్టి కొంచెం దూరంగానే నిలబడి, ఆ బొంగురు గొంతును తల వంచి విన్నది. "మరి లిఫ్టులో మొన్న నేను చెప్పిన రహస్యం ఏంటి?"

ఆవిడకు తెలియదు. తెలుసని అబద్ధమాడబోయి, ఆగింది.

"మళ్ళీ చెప్పవా?" అంది.

చిట్టి గౌను అంచుతో కళ్ళు తుడుచుకుంది. తరవాత వచ్చి పక్కన కూర్చుని, చెవిలో మొదటి నుంచి చెప్పడం మొదలుపెట్టింది.